చదువుతారు సరే, వినేదెవరు?

ముఖ్య అతిథి అంటే ఎవరు? ఆలస్యంగా వచ్చి, ముందు కుర్చీలో కూర్చుని, తనకి తెలియని సంగతి గురించి అరగంట మాట్లాడి, శాలువా కప్పించుకుని, తొందరగా వెళ్ళిపోయే మనిషి. ఇన్నాళ్ళూ అలాంటివాళ్ళని చూసి చాటుగా నవ్వుకున్నదాన్ని. ఈమధ్య ఆ యోగం నాకూ పట్టింది.

చందుర్తి వైపు ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల. పిల్లల్లో చదివే అలవాటు పెంచడానికి ఉత్సవం చేస్తున్నామనీ, నవలలు రాసేదాన్ని గనుక వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమనీ పిలిచారు. బడి పేరు చెప్పను. చెబితే పాపం అక్కడి పంతులమ్మకి సంజాయిషీ కాయితం వస్తుంది. తప్పు ఆవిడది కాదు.

చందుర్తి అంటే తెలియనివాళ్ళకి ఒక్కమాట. వేములవాడకి దగ్గర. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. సిరిసిల్ల పట్నంలో మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఈ పల్లెల్లో చప్పుడేమీ వుండదు. ఆడవాళ్ళ ఒళ్ళో బీడీల చాట, మగవాళ్ళ పెట్టెలో గల్ఫ్ పాస్‌పోర్టు. నేను పుట్టిపెరిగింది ఆ పక్కనే కాబట్టి పిలవగానే వెళ్ళాను.

పందిరి వేశారు. మామిడాకులు కట్టారు. "చదువుదాం, ఎదుగుదాం" అని పెద్ద బ్యానరు. ధారాళంగా చదివే పోటీ పెట్టారు. ఒక మాస్టారు చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి, కొత్త రోడ్డు మీద ఆర్టీసీ బస్సులాగా, స్టాపుల్లో ఆగకుండా, చెయ్యెత్తినవాళ్ళని ఎక్కించుకోకుండా, ఒక పేజీ గడగడా చదివేసింది. చప్పట్లు. మొదటి బహుమతి. ఏమిటా బహుమతి? స్టీలు టిఫిన్ డబ్బా!

పుస్తకం చదివినందుకు డబ్బా ఎందుకండీ అని పంతులమ్మ చెవిలో అడిగాను. "పుస్తకమిస్తే ఇంట్లోవాళ్ళు ఏం చేసుకుంటారండీ, డబ్బా అయితే పనికొస్తుంది" అన్నదావిడ.

బహుమతి ఇస్తూ ఆ పిల్లని అడిగాను: "కథ బాగుందామ్మా?"

"ఏం కథ, టీచర్?" అన్నది ఆ పిల్ల.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది చదివిన పేజీలో కథే వుంది. కానీ దానికి ఆ సంగతి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఎవరూ కల్పించలేదు. గడియారం కథ వినదు కదా!

వరండా చివర అద్దాల అల్మరా వుంది. లోపల రంగు రంగుల పుస్తకాలు, నూట ఎనభై. లెక్క నాది కాదు, అల్మరా మీద అంటించిన కాయితానిది. వెన్ను విరగకుండా, మూల మడవకుండా, పెళ్ళికూతుళ్ళలా కూర్చున్నాయి. తాళం వేసి వుంది. తాళంచెవి పెద్దసారు దగ్గర. పెద్దసారు మండల కేంద్రంలో సమావేశంలో. ఆ సమావేశం దేని గురించంటారా? పిల్లల్లో పఠనాభిరుచి పెంపొందించడం గురించి!

ఇంత రాశాక నన్ను ప్రభుత్వ బడుల శత్రువుల్లో చేర్చేవాళ్ళుంటారు. ఆగండి. నేను ప్రభుత్వ బడిలోనే చదివాను. ఇప్పుడు జరుగుతున్న ప్రయత్నాలని తక్కువ చేసి మాట్లాడను. 2022 ఫిబ్రవరి 5న మన రాష్ట్రంలో "రీడ్" అని నూరు రోజుల పఠన కార్యక్రమం మొదలుపెట్టారు. అదే ఏడాది ఆగస్టు 15న ఒకటి నుంచి అయిదో తరగతి వరకు పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు రావాలని "తొలిమెట్టు" తెచ్చారు. అంతకుముందే, 2021 జులైలో, కేంద్రం "నిపుణ్ భారత్" ప్రకటించింది. మూడో తరగతి దాటేలోగా ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని దాని ఉద్దేశం. మంచివే. పిల్లలకి చదవడం రావడం లేదని పెద్దలు ఒప్పుకోవడమే ఒక మెట్టు.

రావడం లేదన్నది నా మాట కాదు. దేశమంతా పల్లెలు తిరిగి పిల్లల చేత చదివించి చూసే "అసర్" నివేదికలున్నాయి. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో నూటికి 20.9 మంది, కరోనా తర్వాత 2022లో 16.3, 2024లో 23.4. పెరిగింది, సంతోషం. కానీ నాలుగు వంతుల్లో మూడు వంతుల మంది ఇంకా బయటే వున్నారు.

మరి నా పేచీ ఎక్కడ? మన కార్యక్రమాలన్నీ కొలత దగ్గర మొదలై కొలత దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ పిల్లకి అక్షరాలొచ్చా, ఆ పిల్లకి పదాలొచ్చా, ఎన్ని నిమిషాల్లో ఎన్ని పదాలు, పట్టికలో నింపు, ఫొటో తియ్యి, పైకి పంపు. కొలవవద్దనను. గాదెలో ఎంతుందో తెలియాలి. కానీ మానికతో ఎన్నిసార్లు కొలిస్తే మాత్రం గాదెలో గింజలు పెరుగుతాయా? పండించాలి కదా!

పండించడమంటే బహుమతులివ్వడం అనుకునేవాళ్ళున్నారు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1984లో ఒక పిజ్జాల కంపెనీ, నెలకి ఇన్ని పుస్తకాలు చదివిన పిల్లలకి పిజ్జా ఉచితం అని పథకం పెట్టింది. అదే అమెరికాలో అంతకు పదకొండేళ్ళ ముందు, 1973లో, ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బనూ వున్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు. కొద్దిరోజుల తర్వాత ఆ రంగు పెన్నులే తరగతిలో వుంచి, ఏ పత్రం మాటా ఎత్తకుండా చూశారు. బహుమతి కోసం గీసినవాళ్ళు, ఏమీ ఆశించకుండా గీసినవాళ్ళు పెట్టినదాంట్లో దాదాపు సగం సమయమే బొమ్మల మీద పెట్టారు. అంటే ఏమిటి? బహుమతి ఇచ్చి మనం పిల్లకి చెప్పే మాట: "ఇది అంత బాగుండేది కాదు, అందుకే నీకు లంచమిస్తున్నాను." పిల్లలు మనకంటే తెలివైనవాళ్ళు. ఆ మాట వెంటనే అర్థం చేసుకుంటారు.

మరి పిల్లకి చదవాలని ఎందుకనిపిస్తుంది? దీనికి జవాబు ఏ నివేదికలోనూ వెతకనక్కరలేదు. నా తొమ్మిదో ఏటి నుంచీ నాకు తెలుసు.

1980ల చివర మా వాడలో ఇంటికొకరు దుబాయి, మస్కట్ వెళ్ళినవాళ్ళు. అంచుల వెంట ఎర్ర నీలం చారలున్న కవర్లు వచ్చేవి. చదువొచ్చిన పిల్లలు వాడలో ఇంకా వున్నారు గానీ, పిలిస్తే పలికేదాన్ని నేను. "ఓ పిల్లా, ఇటురా, ఉత్తరమొచ్చింది" అని కేక వినపడితే పరుగెత్తేదాన్ని. ఆమె బీడీల చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, "ఇగ సదువు బిడ్డా" అనేది. ఆ మొహం! అంత శ్రద్ధగా నన్ను ఇంతవరకూ ఏ సభలోనూ ఎవరూ వినలేదు.

ఒకసారి ఒకామెకి చదువుతున్నాను. "నన్ను పనిలకెల్లి తీసేసిండ్రని" అన్నదాకా చదివి ఊపిరి కోసం ఆగాను. ఆమె చేతిలో కత్తెర కిందపడింది. నేను గబగబా తర్వాతి ముక్క చదివాను: "ఎవలన్న చెప్తె నమ్మకు." ఆమె నా వీపు మీద ఒక్క దెబ్బ వేసి, ఏడ్చి, నవ్వి, "గదే మల్ల సదువు, ఈసారి ఆగకు" అన్నది. వాక్యం ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో నాకు ఆ దెబ్బ నేర్పింది. తర్వాత బి.ఏ.లో చదివిన వ్యాకరణమంతా కలిపినా అంత నేర్పలేదు. "పైసలు పంపిన" అన్నచోట కాదు, "రాత్రి నిద్ర పడతలేదు" అన్నచోట మళ్ళీ చదవమనేవాళ్ళు. మనిషికి ఏ మాట విలువైనదో అక్కడే తెలుసుకున్నాను. నేను నవలా రచయిత్రినయ్యానంటే ఆ ఉత్తరాల పుణ్యమే.

ఇప్పుడు ఉత్తరాలు లేవు. ఫోనులో బాపు గొంతే వినిపిస్తుంది, మొహమే కనిపిస్తుంది. మంచిదే, ఆ ఆడవాళ్ళు ఆరునెలలు ఎదురుచూసిన బాధ నాకు తెలుసు, ఆ రోజులు తిరిగి రావాలని కోరే పాపం కట్టుకోను. కానీ ఒక్కటి జరిగింది, గమనించండి. పల్లెటూరి ఇంట్లో పిల్ల చదువుతో ఎవరికీ పని లేకుండా పోయింది. పిల్ల చదవడం వినాలని ఎదురుచూసే మనిషి ఇల్లంతటికీ ఒక్కరూ లేరు. మిగిలినదెవరు? గడియారం పట్టుకున్న మాస్టారు, పట్టిక పట్టుకున్న అధికారి. వాళ్ళు వినరు, తప్పులు లెక్కపెడతారు. తప్పులు లెక్కపెట్టేవాడి ముందు పాట పాడబుద్ధి అవుతుందా ఎవరికైనా? చదవడమూ అంతే.

సభ అయ్యాక ఆ టిఫిన్ డబ్బా పిల్ల తల్లి చాయ్ తాగిపొమ్మని పట్టుబట్టింది. వెళ్ళాను. అరుగు మీద చాట, తునికాకు, దారం వుండలు. సాయంత్రానికి కార్ఖానాలో లెక్క అప్పచెప్పాలి, చెయ్యి ఆపడానికి లేదు. "మీ పిల్ల బాగా చదివిందమ్మా" అన్నాను. "ఏం సదివిందో నాకేమెరుక అక్కా, అందరు సప్పట్లు కొట్టిండ్రట" అన్నది, వేళ్ళు ఆడిస్తూనే.

నా సంచిలో పిల్లల పుస్తకం ఒకటుంది. తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ ముసలమ్మ వెళ్ళే కథ. పిల్లకిచ్చి, "మీ అమ్మకి చదివి వినిపించు" అన్నాను. అది మళ్ళీ బస్సు తోలడం మొదలుపెట్టింది. రెండో పేజీలో తల్లి అడిగింది: "ఆగాగు, వానలనే పోయిందా ముసల్ది? గొంగడి కప్పుకున్నదా లేదా?"

పిల్లకి తెలియదు. వెనక్కి తిప్పి వెతికింది. వేలు పెట్టి ఒక్కొక్క వాక్యమే చదివింది. "కప్పుకోలేదే అమ్మా" అన్నది, గొంతు మారిపోయి. "అయ్యో పాపం" అన్నది తల్లి.

ఆ పిల్ల జీవితంలో మొదటిసారి చదివింది అప్పుడండీ. డబ్బా గెలుచుకున్నప్పుడు కాదు.

ఇది నేను కనిపెట్టిన వింత కాదు. క్యూబా దేశంలో, 1865లో, హవానా నగరంలోని చుట్టల కార్ఖానాల్లో ఒక ఆచారం పుట్టింది. వరసలుగా కూర్చుని చుట్టలు చుట్టేవాళ్ళకి ఒకరు గట్టిగా పత్రికలూ పుస్తకాలూ చదివి వినిపించడం. చదివేవాడు ఆ పూట చుట్టలు చుట్టలేడు కదా, వాడి కూలీ మిగిలినవాళ్ళే తలా కాస్త వేసుకుని ఇచ్చేవారు. ఏ పుస్తకం చదవాలో కూడా వాళ్ళే తేల్చుకునేవారు. ఏడాది తిరక్కుండా, 1866లో, అక్కడి గవర్నరు భయపడి ఆ చదువుని నిషేధించాడు! అయినా ఆ ఆచారం చావలేదు, ఇప్పటికీ వుంది. అక్కడి ప్రసిద్ధమైన చుట్టల పేర్లు కొన్ని, మోంటే క్రిస్టో వంటివి, అలా విన్న పుస్తకాల నుంచే వచ్చాయంటారు.

పొగాకు చుట్టే చేతులకి చెవులు ఖాళీగానే వుంటాయి. హవానాలో వున్న చెవులు చందుర్తిలో లేవా? మన పల్లెల్లో అరుగు అరుగుకీ ఒక సభ సిద్ధంగా వుంది. శాలువా అడగరు, వేదిక అడగరు, బ్యానరు అడగరు. వాళ్ళ పిల్లల చేతికి ఒక పుస్తకమిచ్చి ఇంటికి పంపండి చాలు.

అభ్యంతరాలు చెబుతారు, తెలుసు. మొదటిది: "చదువురాని తల్లికి ఏం అర్థమవుతుంది?" సి. నారాయణరెడ్డిగారు పుట్టిన హనుమాజీపేట వేములవాడ పక్కదే. బడిలో ఆయన చదివింది ఉర్దూ మాధ్యమం. చిన్నతనంలో తెలుగు ఆయనకి ఎక్కడిది? ఊళ్ళో చెప్పుకునే హరికథల్లో, జంగం కథల్లో చెవిన పడింది. తర్వాత హైదరాబాదులో, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో పుస్తకాలు దొరికాయి. 1988లో జ్ఞానపీఠం వచ్చింది. ఆ కథలు రాత్రుళ్ళు మేలుకుని వినేవాళ్ళే లేకపోతే, చెప్పేవాడు ఊళ్ళోకి వచ్చేవాడా? ఆ విన్న జనంలో ఎందరికి అక్షరం వచ్చు? వినడానికి అక్షరం అక్కర్లేదు. "గొంగడి కప్పుకున్నదా" అన్న ప్రశ్న ఏ పరీక్షాధికారికీ తట్టదు, తల్లికి తట్టింది.

రెండోది: "పిల్లల్ని పొగాకు దగ్గర కూర్చోబెడతారా?" న్యాయమైన మాట. చాటకి ఎడంగా, గాలి తగిలే చోట కూర్చోవాలి. కానీ అయ్యా, పిల్ల ఇప్పుడు మాత్రం ఎక్కడుంది? ఆ అరుగు మీదే వుంది. నానబెట్టిన ఆకు కత్తిరించమనో, దారం అందించమనో ఎవరైనా పిలిచే దూరంలోనే వుంది. చేతిలో పుస్తకముంటే ఆకు పట్టడానికి చెయ్యి ఖాళీ వుండదు.

మూడోది అసలైనది, పంతుళ్ళది: "పుస్తకాలు చిరిగితే, పోతే ఎవరు జవాబు చెప్పాలి?" వాళ్ళని తప్పు పట్టను. స్టాకు రిజిస్టరులో నూట ఎనభై అని వుంటే తనిఖీ రోజున నూట ఎనభై కనిపించాలి. కనిపించాలంటే తాళమే క్షేమం. పుస్తకాన్ని కుర్చీతో, బల్లతో సమానంగా లెక్కరాసిన పద్ధతిది ఈ తప్పు. విద్యాహక్కు చట్టం, 2009లో, ప్రతి బడిలో గ్రంథాలయం వుండాలనీ, అందులో పత్రికలూ కథల పుస్తకాలూ వుండాలనీ రాసింది. పిల్లలు ముట్టుకోకూడదని రాయలేదు. చాక్‌పీసు అరిగిపోతే ఎవరైనా లెక్క అడుగుతున్నారా? కథల పుస్తకం కూడా అరిగిపోవలసిన వస్తువే. ఏడాది చివర చిరగని పుస్తకం కనిపిస్తే, అప్పుడడగండి సంజాయిషీ!

అందుచేత, విద్యాశాఖలో పెద్దలకి నేను చెప్పేది ఇది. శనివారం శనివారం ప్రతి పిల్లా ఒక పుస్తకం ఇంటికి తీసుకుపోవాలి. చిరిగినవాటిని అడక్కుండా కొట్టేసే అధికారం పంతులమ్మకి ఇవ్వండి. ఇంట్లో ఎవరికి చదివావు, వాళ్ళేమడిగారు అని సోమవారం అడగండి, మార్కులు వెయ్యకండి. బడిలో రోజూ కాసేపు అందరూ, మాస్టార్లతో సహా, ఎవరికిష్టమైనది వాళ్ళు చదువుకోనివ్వండి. జపానులో 1988లో ఒక బడి ఇలాగే మొదలుపెట్టింది. రోజూ పొద్దున పది నిమిషాలు. అందరూ చదవాలి, రోజూ చదవాలి, ఇష్టమైనది చదవాలి, చదివితే చాలు. ఆ చివరి నియమాన్ని చూశారా? చదివితే చాలు. వ్యాసం రాయక్కర్లేదు, ప్రశ్నలుండవు, డబ్బాలుండవు. అక్కడి నుంచి అది దేశంలో వేల బడులకి పాకింది.

దీనికి కొత్త పథకం పేరు పెట్టవద్దని నా విన్నపం. పేరు పెడితే బ్యానరు వస్తుంది, బ్యానరు వస్తే ఫొటో వస్తుంది, ఫొటో వస్తే నన్ను మళ్ళీ ముఖ్య అతిథిగా పిలుస్తారు.

ఆ పంతులమ్మ పదిరోజుల తర్వాత ఫోను చేసింది. ఆ తల్లి బడికి వచ్చిందట. పిల్లకి దెబ్బ తగిలిందేమో, జ్వరమొచ్చిందేమో అనుకున్నదట ఈవిడ. ఆమె గుమ్మంలో నిలబడి, "మేక దొరికింది టీచరమ్మా. ఇంకో బుక్కుంటె ఇయ్యుండ్రి" అన్నదట. "ఏం చెయ్యనండీ, మీరేమైనా ఇంకో పుస్తకం పంపగలరా?" అని అడిగింది పంతులమ్మ.

పంపాను. ఇంకా పంపుతాను. కానీ నేనొక్కదాన్ని ఎన్నని పంపను? ఆ వరండా చివర, అద్దాల వెనకాల, నూట ఎనభై వున్నాయి.

తాళం తియ్యండి.